తాళాలు పూజలో ఉన్న రోజు

ఎస్సై గారి తుపాకి మీద కుంకుమ బొట్లు ఉన్నాయి. గొట్టానికి పసుపు పూసి, దాని మీద వరుసగా బొట్లు పెట్టి, మడమ దగ్గర ఒక బంతిపువ్వు కూడా దారంతో కట్టారు. ఆ పువ్వు తీసే తీరిక ఎవరికీ దొరకలేదు. ఆ తుపాకిని ఆయన మా ఊరి పార్కు గేటు దగ్గర నిలబడి, పచ్చిక మధ్యలో తిరుగుతున్న ఆడ సింహానికి గురిపెట్టాడు. సింహానికీ తుపాకికీ నడుమ, పట్టుపంచె కట్టుకుని, ఒంటి మీద చొక్కా లేకుండా, మా పశువుల డాక్టరు గారు ఒక స్టూలు గుండెలకు హత్తుకుని నడుస్తున్నారు.

"డాక్టరు గారూ, పక్కకు తప్పుకోండి! కాల్చాలి!" అని ఎస్సై అరిచాడు.

"తప్పుకుంటాను సార్. ఈ స్టూలు పెట్టి తప్పుకుంటాను," అన్నారు డాక్టరు గారు వెనక్కి తిరగకుండానే. ఇంటికి వచ్చిన చుట్టానికి కుర్చీ వేస్తున్న మనిషి గొంతులా ఉంది ఆ గొంతు.

నేను పార్కు రేడియో గది కప్పు మీద ఉన్నాను. నాతో పాటు ఇంకా చాలామంది ఉన్నారు. ఎలా ఎక్కామో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. ఆ కప్పుకు నిచ్చెన లేదు.

కావలి నుంచి గూడూరు దాకా ఒక దినపత్రికకు విలేకరిగా నేను చాలా ఏళ్ళు పనిచేశాను. తుఫానులు రాశాను. రైలు పట్టాలు తప్పినప్పుడు రాశాను. నిమ్మకాయల ధరలు రాశాను, అభ్రకం గనుల్లో సమ్మెలు రాశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న కుర్రవాళ్ళు ఇంటికి వచ్చి, "మీరు రాసినవాటిలో అన్నిటికంటే పెద్ద వార్త ఏది సార్?" అని అడుగుతుంటారు. అన్నిటికంటే పెద్ద వార్త నేను పూర్తిగా రాయలేకపోయింది. అది ఎందుకో చెప్పాలంటే ముందు ఆ పార్కు సంగతి చెప్పాలి.

జమీందారీలు పోయిన తరువాత మా వైపు ఒక పెద్దాయన తన తోటలో పెంచుకున్న జింకలను, నెమళ్ళను పురపాలక సంఘానికి ఇచ్చేశాడు. వాళ్ళు వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక, రేడియో వినడానికి జనం సాయంత్రాలు వచ్చే పార్కులో ఒక మూల కంచె వేసి వదిలారు. అదీ మా ఊరి జంతుశాల పుట్టుక. గేటుకు పెద్ద బోర్డు రాయించినా, జనానికి అది ఎప్పుడూ 'జింకల పార్కే'. సింహం వచ్చాక కూడా, "జింకల పార్కుకు సింహం వచ్చిందంట" అనే చెప్పుకున్నారు.

తక్కిన జంతువులు వాటంతట అవే వచ్చి చేరాయి. పులికాట్ వైపు జాలరులు వలలో చిక్కి రెక్క విరిగిన గూడబాతును బుట్టలో పెట్టుకుని బస్సులో తెచ్చారు. కండక్టరు దానికి కూడా టిక్కెట్టు కొట్టాడని చెప్పుకునేవారు. గడ్డివాములో దొరికిన కొండచిలువను రైతులు గోతంలో మోసుకొచ్చారు. ముళ్ళపంది వచ్చింది, ఒక గుంటనక్క వచ్చింది. స్టేషన్ దగ్గర దిక్కులేకుండా తిరుగుతున్న గాడిదను కూడా ఒకాయన తోలుకొచ్చి, "ఇది కూడా జంతువే గదా, ఉంచుకోండి" అన్నాడు. డాక్టరు గారు దాన్నీ కాదనలేదు. జింకలకు గడ్డి మోసే పని ఇచ్చారు. చూడవచ్చిన పిల్లలు గాడిద దగ్గర ఆగినంతసేపు నెమళ్ళ దగ్గర ఆగేవారు కాదు.

ఆ డాక్టరు గారి అసలు ఉద్యోగం పశువుల ఆసుపత్రిలో. కడుపులో దూడ అడ్డం తిరిగిందంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బండి కట్టుకుని ఆయన కోసమే వచ్చేవారు. పార్కు ఆయనకు తగిలించిన అదనపు బాధ్యత. స్థూలకాయం, చాదస్తం, గట్టి దైవభక్తి. గూడబాతు విరిగిన రెక్కకు కట్టు కట్టేటప్పుడు కూడా విష్ణుసహస్రనామం చదువుతూ కట్టేవారు.

ఆయన దగ్గర జంతువులను చూసుకునే మనిషి ఒకడుండేవాడు. మైపాడు దగ్గర పల్లెకారు ఇంట్లో పుట్టినవాడు. నాన్న, అన్నలు అందరూ సముద్రం మీద బతికినవాళ్ళే. ఇతనికి మాత్రం పడవ ఎక్కితే చాలు, వాంతులు. "మా నాయన నన్ను మూడు తూర్లు తీసకపోయినాడు సార్. నాలుగో తూరి నన్ను ఒడ్డునే దించేసి, ఒరే, నువ్వు చేపలకు మేత పెట్టేదానికి పుట్టినావురా, పట్టేదానికి కాదు అన్నాడు," అని తనే చెప్పి నవ్వేవాడు. మేత పెట్టే పనే దొరికింది అతనికి. ఆ పని అతను చేసినట్టు ఇంకొకరు చేయగా నేను చూడలేదు. గూడబాతుకు చేప వేసే ముందు, ఆ చేప తల అటు పెట్టి ఇటు పెట్టి చూసి, మొప్పల వైపు నుంచి గొంతులో జారేలా వేసేవాడు.

సింహం వచ్చింది సర్కసు నుంచి. ఏటి ఇసుకలో డేరా వేసిన ఒక సర్కసు కంపెనీ, అకాల వర్షాలకు ఆట సాగక, మూట కట్టుకుని వెళ్ళిపోతూ, వయసు మళ్ళి కాలు వాచిన ఈ ఆడ సింహాన్ని డాక్టరు గారి వైద్యానికి వదిలి, తరువాత పార్కుకే ఇచ్చేసింది. సర్కసులో దాని పేరు రాణి. మన మైపాడు మనిషి మొదటి రోజే ఆ పేరు తీసేసి 'అమ్మణ్ణి' అని పిలిచాడు. మా జిల్లాలో ప్రతి వీధిలోనూ ఒక అమ్మణ్ణి ఉంటుంది. అందువల్ల, కబేళా నుంచి మాంసం తెచ్చి "అమ్మణ్ణీ, దా!" అని అతను కేక వేస్తే, గేటు బయట టీ అంగడి పెట్టుకున్న అక్క ప్రతిసారీ, "నన్ను గాదు గదా పిలిచింది?" అనేది. ఆమె పేరు కూడా అదే.

సింహాన్ని అప్పగించేటప్పుడు సర్కసు ఆటగాడు దానితో పాటు ఒక స్టూలు కూడా ఇచ్చాడు. ఎర్ర రంగు మీద తెల్ల చుక్కలు వేసిన చెక్క స్టూలు. బోను ముందు దాన్ని పెట్టి, చెయ్యి పైకెత్తాడు. సింహం బోనులోంచి వచ్చి, స్టూలు ఎక్కి కూర్చుని, ముందు కాళ్ళు రెండూ గాలిలోకి లేపింది. మేము చూస్తున్నాం. అది దిగలేదు. ఆటగాడు మా వైపు తిరిగి, వచ్చీ రాని తెలుగులో, "చప్పట్లు! చప్పట్లు కొట్టకపోతే దిగదు. చప్పట్లు పడితేనే ఆట అయిపోయిందని దానికి లెక్క," అన్నాడు. కొట్టాం. అది దిగి, మా వంకైనా చూడకుండా, బోనులోకి వెళ్ళి పడుకుంది.

నాకు భలే నచ్చింది. డాక్టరు గారికి మాత్రం కోపం వచ్చింది. "ముసలితనంలో దానికి ఈ అవమానం ఏమిటి? ఇది సర్కసు కాదు. ఇక నుంచి అది ఎవరి కోసమూ కాళ్ళు ఎత్తక్కర్లేదు," అని స్టూలును బయట పారేయించారు. టీ అంగడి అక్క దాన్ని తెచ్చుకుని నీళ్ళ కుండ పెట్టుకుంది. ఒక కాలు కాస్త విరిగి పొట్టిదైతే కింద ఇటుక ముక్క పెట్టింది.

ఇక ఆయుధపూజ. మా ఊళ్ళో ఆ రోజు ఏ పనిముట్టూ కదలదు. కమ్మరి సుత్తి, దర్జీ మిషను, బస్సు, సైకిలు, అన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, పూజలో ఉంచుతారు. మరునాడు పొద్దున దాకా వాటిని తాకకూడదు. మా అమ్మ నా పెన్ను తీసుకెళ్ళి సరస్వతీదేవి పటం ముందు పెట్టేసింది. పార్కులో రేడియోకు కూడా బొట్టు పెట్టి నోరు కట్టేశారు.

డాక్టరు గారు పార్కులో ఏటా ఈ పూజ నియమంగా చేయించేవారు. పారలు, బకెట్లు, గడ్డికోత కొడవళ్ళు, ఆయన సూదిమందు సిరంజి. వాటితో పాటు తాళాలు. తాళమే ఇక్కడ మన ఆయుధం అనేవారు. జింకలు, నెమళ్ళు ఉన్నన్నాళ్ళు ఏ ఇబ్బందీ లేదు. తలుపులకు గడియ వేసి, పసుపు తాడు ఒకటి కట్టేవారు. జింకలు తాళం లేదని కనిపెట్టి పారిపోయే రకం కాదు. సింహం వచ్చాక అది మొదటి ఆయుధపూజ.

ఆ ఉదయం ప్రసాదానికి నేనూ వెళ్ళాను. మైపాడు మనిషి తాళాలన్నీ చింతపండుతో తోమి తట్టలో పెట్టి తెచ్చాడు. తెచ్చి, నసిగాడు.

"సామీ, అమ్మణ్ణి తాళం ఒక్కటి వదిలేద్దామా?"

"ఎందుకురా?"

"ఏం లేదు సామీ. సింహం గదా."

డాక్టరు గారు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గాడిద పలుపుకు కూడా పూజ చేస్తున్నాం. అమ్మవారి వాహనం తాళానికి చెయ్యకపోతే ఎట్లా? ఆమె ఒక్కదానికే లోటు చేశామని అనిపించుకోవాలా?"

ఈ మాటకు మేమెవ్వరమూ ఎదురు చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. మా ఊళ్ళో అందరికీ అది న్యాయంగానే తోచేది. బోనుకు గడియ వేశారు, పసుపు తాడు కట్టారు, తోరణం కట్టారు, గుమ్మడికాయ కొట్టారు. తాళం అమ్మవారి పటం ముందు బొట్టుతో కూర్చుంది.

సాయంత్రం పార్కు నిండా జనం. సెలవు, పైగా ఎండ లేదు. నేను బొరుగులు తింటూ తిరుగుతున్నాను. అమ్మణ్ణికి వీపు దురద పెట్టినప్పుడు బోను తలుపుకు రుద్దుకోవడం అలవాటు. రోజూ చేసే పనే. రోజూ ఆ గడియను కదలకుండా పట్టి ఉంచింది తాళం అని ఆ వేళ తెలిసింది. గడియ జారింది. పసుపు తాడు తెగింది. తలుపు ఎంతో మర్యాదగా తెరుచుకుంది.

అరుపులు, పరుగులు. కొందరు గేటు దాటారు. కొందరు మాతో పాటు రేడియో గది ఎక్కారు. బ్యాండు వాయించే అరుగు మీద ఉన్న కొన్ని కుటుంబాలు మాత్రం చంటిపిల్లలతో కదలలేక, నడుం ఎత్తు పిట్టగోడ వెనక నక్కారు. ఆ అరుగుకూ సింహానికీ మధ్య ఉన్నది పచ్చికే. సింహం ఎవరి జోలికీ పోలేదు. నీళ్ళు లేని ఫౌంటెన్ చుట్టూ తిరిగింది, మూతి ఎత్తి గాలి పీల్చింది. కానీ ఎంతసేపు అలా ఉంటుందో చెప్పగలవారు ఎవరు?

ఎస్సైని తప్పుపట్టడానికి లేదు. ఆయన కళ్ళ ముందు ఆ చంటిపిల్లలు ఉన్నారు. నిజానికి ఆయన ఇంకా ముందే రావలసింది. స్టేషను పార్కుకు కూతవేటు దూరం. కబురు వెళ్ళేసరికి తుపాకులన్నీ పూజలో ఉన్నాయి. ముసలి హెడ్డు కానిస్టేబులు అడ్డంపడి, "రేపటిదాకా తియ్యగూడదయ్యా, స్టేషనుకే అరిష్టం," అన్నాడట. ఎస్సై, "అక్కడ సింహం ఉండాదయ్యా!" అంటే, "దానికి తెలవదు గదయ్యా పండగని, మనకు తెలుసు గదా," అన్నాడట. చివరికి అమ్మవారికి మళ్ళీ ఒకసారి హారతి ఇచ్చి, లెంపలు వేసుకుని, తుపాకి తీశారు.

ఆ హారతి వెలిగిన కాసేపే అమ్మణ్ణి ప్రాణం నిలబెట్టింది. తాళాన్ని తీసిన ఆచారమే తుపాకిని ఆపింది.

ఆలోగా డాక్టరు గారు పూజగదిలోంచి పరుగెత్తుకొచ్చి, "స్టూలు! ఆ స్టూలు ఏదిరా?" అన్నారు. తను పారేయించిన స్టూలు తనకే గుర్తొచ్చింది. గేటు బయట అక్క అప్పటికే విని, నీళ్ళ కుండను ఎత్తి చంకన పెట్టుకుని, స్టూలును కాలితో లోపలికి నెట్టింది. "ఒక కాలు పొట్టిది సామీ! ఇటుక పెట్టుకోవాల!" అని కేకేసింది. ఇటుక వెతికే సమయం లేదు.

డాక్టరు గారు స్టూలుతో నడిచారు. పులులనూ సింహాలనూ చూసి భయపడని మనిషి కాదాయన. అమ్మణ్ణి కాలికి మందు వేసిన రోజుల్లో కూడా బోను బయట నుంచే పొడవాటి కర్రతో వేసేవారు. మైపాడు మనిషి బోను తలుపు బార్లా తీసి ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి సర్కసు ఆటగాడిలా పైకెత్తాడు.

"అమ్మణ్ణీ! దామ్మా! ఆట టయమైంది!"

డాక్టరు గారు బోను ఎదురుగా స్టూలు పెట్టారు. అది ఒరిగిపోయింది. అప్పుడాయన పట్టుపంచెతో పచ్చిక మీద బోర్లా పడుకుని, రెండు చేతులతో ఆ పొట్టి కాలును పట్టుకుని స్టూలును నిలబెట్టారు.

అమ్మణ్ణి చూసింది. ఎర్ర రంగు, తెల్ల చుక్కలు. నెమ్మదిగా వచ్చి, డాక్టరు గారి తల మీదుగా, స్టూలు ఎక్కి కూర్చుంది. ముందు కాళ్ళు రెండూ గాలిలోకి లేపింది.

అది దిగలేదు.

"చప్పట్లు కొట్టండయ్యా," అన్నాడు మైపాడు మనిషి మెల్లగా. ఎవరూ కదలలేదు. చప్పుడు చేస్తే మీద పడుతుందేమోనని అందరికీ భయం. "కొట్టండి సాములూ, కొట్టండి. కొడితేనే దిగుతాది. ఆ సామి చేతులు వణకతా ఉండాయి, చూడండి."

మేమందరం చూశాం. స్టూలు కదులుతోంది. కింద పడితే సింహం పడేది డాక్టరు గారి మీద. నేను కప్పు అంచున ఇనప కమ్మీని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను. చప్పట్లకు విడిపించుకుందామనుకున్నాను, వేళ్ళు రాలేదు. ఎస్సై తుపాకి అప్పుడు ఎటు ఉందో మేమెవ్వరం చూడలేదు. మా కళ్ళన్నీ ఆ స్టూలు మీదే ఉన్నాయి.

అప్పుడు చప్పట్లు వినిపించాయి. ఒక్కరివే. గట్టిగా, ఆగి ఆగి. తరువాత ఇంకొకరివి. అరుగు మీద చంటిపిల్లల తల్లులు కొట్టారు. నా పక్కన ఉన్న లాయరు కొట్టాడు. నా వేళ్ళు కూడా వచ్చాయి. చివరికి పార్కు పార్కంతా, గేటుకు దూరంగా రోడ్డు మీద ఆగిన జనం కూడా, వాన కురిసినట్టు చప్పట్లు కొట్టాం. ఏ నాయకుడికీ, ఏ నాటకానికీ మా ఊరు అలా కొట్టింది లేదు.

అమ్మణ్ణి కాళ్ళు దించింది. దిగింది. మా వంకైనా చూడకుండా బోనులోకి వెళ్ళి పడుకుంది. మైపాడు మనిషి గడియ వేసి, దాన్ని రెండు చేతులతో అదిమి పట్టి అలాగే నిలబడిపోయాడు. డాక్టరు గారు లేచి, పూజగదికి వెళ్ళి, అమ్మవారి ముందు నుంచి బొట్టు ఉన్న తాళం తీసుకొచ్చి వేశారు. వేసి, "ఒరే, వచ్చే ఏడు తాళాలకు బోను మీదే బొట్టు పెడదాం," అన్నారు. ఆ పొట్టి కాలు స్టూలు మరునాడే బోను ముందుకు తిరిగి వచ్చింది, నాలుగు కాళ్ళూ సరిచేయించి. "అది అవమానం కాదురా. దానికి తెలిసిన విద్య," అని డాక్టరు గారే అన్నారట.

తరువాత పై నుంచి ఒక అధికారి విచారణకు వచ్చాడు. "సింహం బోను తాళం ఎందుకు తీశారు?" అని అడిగాడు. "పూజకండీ," అన్నారు డాక్టరు గారు. ఆయన ఏదో అనబోయి, బయట నిలబెట్టిన తన జీపు వంక చూశాడు. దాని ముందు పూలదండ, నిమ్మకాయలు ఇంకా వాడలేదు. అంతటితో విచారణ ముగిసింది.

ఇక నా వార్త. ఆ సాయంత్రమే నేను తంతి కొట్టడానికి తపాలా కార్యాలయానికి పరుగెత్తాను. కానీ మా పత్రిక అచ్చు యంత్రాలు కూడా పూజలోనే ఉన్నాయి. మరునాడు పేపరు లేదు. ఆ తరువాతి రోజు, చోటు చాలదని, నా వార్తను లోపలి పేజీలో నాలుగు ముక్కల్లో వేశారు. సింహం తప్పించుకుందట, పట్టుకున్నారట. స్టూలు లేదు, చప్పట్లు లేవు. అచ్చులో పడనిది ఊరి నోట పడింది. నోట పడ్డది రోజుకొక విధంగా మారుతుంది.

అమ్మణ్ణి ఇంకా కొన్నేళ్ళు బతికి, ముసలితనంతోనే పోయింది. మైపాడు మనిషి మూడు రోజులు పనిలోకి రాలేదు. తరువాత జంతుశాలనే ఎత్తేశారు. ఇప్పుడు అక్కడ పార్కు మాత్రం ఉంది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: చూసినవాళ్ళందరినీ అడగండి, విన్నదల్లా నమ్మకండి. ఆ రోజు మొదటి చప్పట్లు కొట్టింది తామేనని నాకు చెప్పినవాళ్ళు మా ఊళ్ళో లెక్కలేనంతమంది. వాళ్ళలో కొందరు ఆ రోజుకు పుట్టలేదు. మైపాడు మనిషి మాత్రం, "గేటు కాడ నుంచి వినబడింది సార్, ఆ సంగతి ఖాయం," అన్నాడు. గేటు దగ్గర ఉన్నది ముగ్గురు. అక్కను అడిగాను. "నా చంకన కుండ ఉండె గదా నాయనా, ఒంటి చేత్తో ఎట్టా కొట్టేది?" అంది. హెడ్డు కానిస్టేబులు ఒక చేత్తో తూటాల సంచీ, రెండో చేత్తో హారతి పళ్ళెం పట్టుకుని ఉన్నాడు. పళ్ళెం ఎందుకు తెచ్చావయ్యా అంటే, "భయానికి," అన్నాడు. ఎస్సై గారిని ఆయన రిటైరయ్యాక కలిశాను. ఆయన నవ్వి, "సింహం బయట ఉండగా పోలీసోడు తుపాకి పక్కన పెడతాడా? పెట్టినాడని రాస్తే నా పింఛను ఏమైపోతాది?" అన్నాడు. కొట్టానని అనలేదు, కొట్టలేదని అనలేదు.

ఆ సాయంత్రం జనం పోయాక నేను గేటు దగ్గరికి వెళ్ళి చూశాను. గేటు స్తంభానికి, తుపాకి ఆనించితే గొట్టం తగిలేంత ఎత్తున, ఒక కుంకుమ మరక ఉంది. అయితే అది ఆయుధపూజ రోజు. మా ఊళ్ళో కుంకుమ లేని గేటు ఒక్కటీ లేదు.